ల్యాప్‌టాప్ తనంతట తానే ఆగిపోవుట ఎందువలన?

ఇంటిపన్ను రసీదులు, ధ్రువపత్రములు, గ్రామ ప్రణాళిక, బిల్లుల చెల్లింపు మొదలగు పనులు నేడు చాలవరకు పంచాయతీ కార్యాలయపు ల్యాప్‌టాప్ మీదనే జరుగుచున్నవి. 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామస్వరాజ్ ప్రారంభమైన పిమ్మట పంచాయతీ పద్దులును అందులోనికి చేరినవి. అట్టి యంత్రము పని నడుమ చప్పుడు లేక ఆరిపోయినచో, వరండాలో వేచియున్నవారు ఆనాటికి వెనుదిరిగి పోవలసివచ్చును. ఇట్లు నాలుగు మారులు జరుగగనే యంత్రము చెడినదనియు, క్రొత్తది కొనవలెననియు సమావేశములో ప్రతిపాదన వచ్చుట కద్దు. ఆ తీర్మానమునకు చేయి యెత్తుటకు ముందు సభ్యులు తెలిసికొనదగిన సంగతులు కొన్ని కలవు.

పంపుసెట్టు నడపు రైతులకు స్టార్టరు సంగతి తెలియును. మోటారుపై భారము మితిమీరినపుడు రిలే ట్రిప్పయి మోటారును ఆపివేయును. అది స్టార్టరు దోషము కాదు. మోటారును కాపాడుటకు చేయబడిన ఏర్పాటు. ఆ రిలేను కట్టివేసి మోటారు నడిపినవాడు తుదకు వైండింగు కాల్చుకొనును. ల్యాప్‌టాప్‌లోను ఇట్టి ఏర్పాటే కలదు. దాని లోపలి ప్రాసెసరు వేడి సుమారు 100 డిగ్రీల సెంటీగ్రేడునకు చేరవచ్చినపుడు యంత్రము మొదట తన వేగమును తగ్గించుకొనును. అప్పటికిని వేడి దిగనిచో విద్యుత్తును తెంచివేసికొని ఆరిపోవును. కావున ఆగిపోయిన ప్రతి యంత్రమును చెడిన యంత్రమని తలచుట పొరపాటు.

కారణమును కనుగొనుటకు ఉత్తమ సాధనము ఒక నోటుపుస్తకము. యంత్రము ఆగిన ప్రతిసారియు తేదీ, వేళ, ప్రారంభించిన ఎంతసేపటికి ఆగినది, అప్పుడు కరెంటు ఉన్నదా లేదా, బ్యాటరీ ఎంత శాతము చూపినది, అడుగుభాగము చేతికి వేడిగా తగిలినదా అను విషయములను వ్రాయించవలెను. వారము దినములు వ్రాసినచో కారణము చాలవరకు తానే బయటపడును. మరమ్మతుదారునకును ఊహతో పనియుండదు.

అరగంటయో గంటయో పనిచేసి, ఫ్యాను పెద్దగా మ్రోగి, అడుగు కాలుచుండగా ఆగినచో అది వేడి వలన కలిగినదని ఎంచవచ్చును. మన కార్యాలయములలో ఇదియే అధికము. ల్యాప్‌టాప్ గాలి పీల్చు రంధ్రములు సాధారణముగా అడుగున నుండును. దానిని ఫైళ్ల దొంతరపైననో, మడచిన తుండుగుడ్డపైననో పెట్టినచో ఆ రంధ్రములు మూసుకొనిపోవును. ఆపకయే సంచిలో పెట్టి మండలానికి తీసికొనిపోవు అలవాటును కొందరికి కలదు. అదియు అంతే హానికరము. ఇక రేకుల కప్పు గదిలో మే మాసపు మధ్యాహ్నము సంగతి చెప్పనక్కరలేదు. యంత్రమును గట్టి బల్లపై, ఎండ పడనిచోట, వెనుక అంచున రెండు చిన్న చెక్కముక్కలు పెట్టి కొంచెము ఎత్తుగా నుంచవలెను.

అప్పటికిని ఆగుచుండినచో లోపల దుమ్ము పేరుకొని యుండును. యంత్రమును పూర్తిగా ఆపి, వైరు తీసి, రంధ్రములలోనికి గాలి ఊదు చేతి రబ్బరు బుడ్డితో దుమ్మును వదలించవచ్చును. తడిగుడ్డ వాడరాదు. గ్యారంటీ గడువు తీరనిచో మూత విప్పరాదు. కొన్ని సంవత్సరములు వాడిన యంత్రములో ప్రాసెసరునకును, వేడిని తీసికొనిపోవు లోహపు పలకకును నడుమ పూసిన పేస్టు ఎండిపోవును. దానిని మరల పూయుట మరమ్మతుదారుని పని, వ్యయము స్వల్పము.

కరెంటు పోయిన క్షణముననే ఆగినచో దోషము బ్యాటరీది. మంచి బ్యాటరీ ఉన్నచో కరెంటు పోయిన సంగతియే యంత్రమునకు తెలియరాదు. 30 శాతము చూపుచు హఠాత్తుగా ఆరిపోవుటయు బ్యాటరీ క్షీణించినదనుటకు గుర్తు. విండోస్ గల యంత్రములలో బ్యాటరీ రిపోర్టు తీయు సౌకర్యము కలదు. ఆపరేటరును అడిగిన చూపగలడు. అందులో తయారైననాటి సామర్థ్యమును, నేడు నిండుగా పట్టు సామర్థ్యమును ప్రక్కప్రక్కన నుండును. మొదటిది 40,000, రెండవది 14,000 అని ఉన్నచో మూడవవంతు మాత్రమే మిగిలినదన్నమాట. అట్టిచో మార్చవలసినది బ్యాటరీయే గాని ల్యాప్‌టాప్ కాదు.

ఒక హెచ్చరిక. యంత్రము అడుగు ఉబ్బినను, మూత సరిగా పడకున్నను, వ్రేలితో కదపు పలక పైకి లేచినను, లోపలి లిథియం బ్యాటరీ ఉబ్బినదని గ్రహించి వెంటనే చార్జింగు మానవలెను. దానిని నొక్కుట, గుచ్చుట నిప్పుతో చెలగాటము.

ఓల్టేజి హెచ్చుతగ్గులను నిందించుట మనకు పరిపాటి. కాని చాలవరకు అడాప్టర్ల మీద 100 నుండి 240 ఓల్టుల వరకు అని ముద్రించియుండును. కొద్దిపాటి తగ్గుదలను అవి తట్టుకొనగలవు. వదులైన ప్లగ్గు, నలిగిన వైరు, పిన్ను ఆడుచుండుట తరచు అసలు కారణములు. 65 వాట్ల యంత్రమునకు 45 వాట్ల అడాప్టరు తగిలించుటయు కలదు. చీటీలు పోల్చి చూచిన తెలిసిపోవును.

వేళాపాళా లేక, నీలితెర చూపి ఆగినచో మెమొరీ, డిస్కు, లేదా సాఫ్ట్‌వేరు దోషమై యుండవచ్చును. అది నిపుణునికి చూపదగినది. ఈవెంట్ వ్యూయరులో 41 అను సంఖ్య చూపి ఏదో పెద్ద భాగము పోయినదని ఎవరైన చెప్పినచో నమ్మరాదు. యంత్రము సక్రమముగా ఆపబడలేదని మాత్రమే ఆ సంఖ్యకు అర్థము. ఎందువలననో అది చెప్పదు.

బిల్లు చెల్లింపు నడుమ యంత్రము ఆగినచో, మరల తెరచిన వెంటనే చెల్లింపును తిరిగి పంపరాదు. మొదటిది నమోదైనదో లేదో పోర్టలులో చూచి, నమోదు కానిచో మాత్రమే మరల చేయవలెను. మన ల్యాప్‌టాప్‌లోనే ఉంచుకొను పన్నుల పట్టికలు మొదలగువానికి ప్రతి సాయంకాలము వేరొక నకలు తీయించవలెను. మార్చిన పాత బ్యాటరీని చెత్తబండిలో వేయరాదు; 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ప్రకారము దానిని వేరుగా సేకరణకు అప్పగించవలెను.