చిన్నరైళ్లును వాని తీగలును

రైలుబండి బొమ్మను చూచి ముచ్చటపడని బాలురుండరు. అమెరికా, జర్మనీ మున్నగు దేశములలో పెద్దలు సైతము అసలు రైళ్లకు సరియైన పోలికతో చిన్నరైళ్లను నిర్మించి నడుపుదురు. వానిలో మిక్కిలి వాడుకలోనున్న హెచ్.ఓ. పరిమాణము అసలుబండిలో 87వ వంతు. పట్టాల నడిమి యెడము 16.5 మిల్లీమీటర్లు. ఈ బండ్లకు ఆజ్ఞలు తీగలగుండ నెట్లు చేరునో, తీగలు సరిగా లేనిచో నేమి కీడు కలుగునో యిచ్చట వివరింప నెంచితిమి.

పూర్వపద్ధతిలో పట్టాలకిచ్చు విద్యుత్తును హెచ్చించిన బండి వేగముగను, తగ్గించిన మెల్లగను పోవుచుండెను. కాని యొకే పట్టాలపై రెండింజనులున్నచో రెండును ఒక్కమారే కదలును. ఈ చిక్కును తొలగించుటకై జర్మనీలోని లెంజ్ కంపెనీవారు 1980 తరువాత నొక అంకెల పద్ధతిని కల్పించిరి. 1935లో స్థాపింపబడిన అమెరికా నమూనారైళ్ల జాతీయసంఘమువారు 1990 తరువాత దానిని ప్రమాణముగ గ్రహించిరి. దీనిని డి.సి.సి. యందురు.

ఇందు పట్టాలకు ఎల్లప్పుడును ఒకే బలముగల విద్యుత్తు, సుమారు 15 వోల్టులు, ఈయబడును. దాని దిక్కు మాత్రము మారుచుండును. ఒక్కొక్క అంకెకు ముందు దిక్కున నొకటి, వెనుక దిక్కున నొకటి, రెండు సగములు గలవు. సెకనును పదిలక్షల భాగములు చేసినచో, ఒక్కొక్క సగము 58 భాగములు నిలిచిన నది 'ఒకటి'. 100 గాని అంతకు మించి గాని నిలిచిన నది 'సున్న'. వీనితోనే జాబు వ్రాయబడును. మొదట ఇంజను సంఖ్య, పిదప ఆజ్ఞ, తుదకు సరిచూచు అంకె. ఇంజనులోని డీకోడరు తన పేర వచ్చిన జాబునే గైకొనును; సరిచూచు అంకె పొసగనిచో త్రోసివేయును. ఆజ్ఞలు మరల మరల పంపబడును గనుక ఒకటి చెడినను లోపము లేదు. పెక్కులు చెడినచో బండి మాట విననట్లు కనబడును. అప్పుడు తప్పు బండిది కాదు, త్రోవది.

ఈ త్రోవ యెట్లు చెడును? పట్టాలు సాధారణముగ జర్మను సిల్వరుతో చేయబడును. పేరున వెండి యున్నను ఇందు వెండి లేదు. ఇది రాగి, నికెలు, తుత్తునాగముల మిశ్రము. రాగివలె విద్యుత్తును సులభముగ పోనీయదు. పట్టాల నతుకు బిళ్లలును కాలక్రమమున వదులై మురికిపట్టును. కావున బల్లక్రింద రెండు లావు రాగితీగలను నడిపి, వానినుండి కొన్ని యడుగులకొకచోట పట్టాలకు సన్నతీగలు మాటువేయవలెను. ఆ లావుతీగలను జడవలె పెనవేయుట మేలు. ఏలయన, దూరదూరముగ నుండు తీగలలో ప్రవాహము హఠాత్తుగ మారినపుడు వోల్టు ఎగసిపడి డీకోడరును చెరుపవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యొకటి గలదు. బండి పట్టాలు తప్పి రెండు పట్టాలను కలిపివేసినచో, విద్యుత్తు నిచ్చు బూస్టరు వెంటనే ఆగవలెను. అది 5 ఆంపియర్లు దాటిన ఆగునది యనుకొందము. ఓమ్ నియమము ప్రకారము 15ను 5చే భాగింప 3 ఓములు వచ్చును. త్రోవలోని నిరోధము ఇంతకు మించినచో ప్రవాహము 5 ఆంపియర్లకు చేరనే చేరదు, కావలివాడు మేల్కొనడు. నిరోధము 4 ఓములైన ప్రవాహము 3.75 ఆంపియర్లు. అప్పుడు 56 వాట్ల శక్తి యెడతెగక వేడిగా మారుచుండును. సగము అతుకులలోను, సగము బండి చక్రములలోను వెలువడినను ప్లాస్టిక్కు కరగుటకు చాలును. కావున అనుభవజ్ఞులు పట్టాలపై పలుచోట్ల నాణెమును అడ్డముగ పెట్టి చూతురు. ప్రతిచోటను బూస్టరు తక్షణమే ఆగినచో తీగలు మంచివి. ఆగనిచోట మరియొక సన్నతీగ మాటువేయుదురు.

బాలులారా, ఈ పరీక్ష 15 వోల్టుల చిన్నరైలుకే చెల్లును. మన యిండ్ల గోడలలోని విద్యుత్తు 230 వోల్టులు. దానిపై ఇట్టి పరీక్ష చేయుట ప్రాణాపాయము. అయినను ఇందలి నీతి అచ్చటను వర్తించును. దీపము వెలుగుచున్నంతమాత్రమున తీగలు క్షేమమని తలపరాదు. వదులైన అతుకు మనకు కనబడకయే వేడెక్కుచుండును. ఇంట స్విచ్చు వెచ్చగా నున్నను, కాలిన వాసన వచ్చినను పెద్దలకు తెలుపుడు. పెద్దలు పనివానిని పిలిపింతురుగాక.