చెప్పమంటున్నారు సరే, వినేదెవరు?

పెద్దల వల్ల పిల్లలకు కలిగే హాని నాలుగు తీరులుగా ఉంటుంది: కొట్టడం, మాటలతో కుళ్లబొడవడం, లైంగికంగా వాడుకోవడం, చూసుకోవలసినవాళ్లు చూసుకోకపోవడం. మూడోదానికి తెలుగు పత్రికలు ఏళ్ల తరబడి ‘అఘాయిత్యం’ అనే ఒక్క మాటతో సరిపెడుతున్నాయి. ఆ మాట చదివిన తల్లికి ఏం జరిగిందో బోధపడదు. తన బిడ్డ నిన్న రాత్రి ఏడుస్తూ చెప్పింది అదేనా అన్నదీ తేలదు. నాలుగోదానికి ఆ మాత్రం పేరు కూడా లేదు. ‘పట్టించుకోరు’ అంటారు, అక్కడితో వదిలేస్తారు. పేరు లేని హాని మీద ఫిర్యాదు చేయడం పెద్దలకే కష్టం. అవగాహన ప్రచారం మొదట చేయవలసింది ఈ పేర్లు చెప్పడమే.

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగికి నవంబరులో రెండు రకాల రాకపోకలు మొదలవుతాయి. మొదటిది మంచు కోసం. నర్సీపట్నం నుంచి ఘాట్ రోడ్డు మీద తెల్లవారకముందే కార్లు బారులు తీరతాయి. రెండోది పిల్లల కోసం. నవంబరు 14 బాలల దినోత్సవం. 18న లైంగిక దోపిడీ, హింసల నుంచి పిల్లలను కాపాడేందుకు ఐక్యరాజ్యసమితి 2022లో ప్రకటించిన దినం. 20వ తేదీ, 1989లో బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించిన రోజు. ఏటా ఇలాంటి రోజుల్లోనే బడుల్లో సదస్సులు పెడతారు, గోడలకు పోస్టర్లు అంటిస్తారు. మంచి స్పర్శ, చెడు స్పర్శ, పిల్లల సహాయానికి 1098 ఫోను నంబరు, ‘ఎవరైనా తప్పుగా తాకితే వెంటనే చెప్పు’ అన్న హితవు వాటిలో ఉంటాయి.

హితవు సరైనదే, కానీ సగమే. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడింది. వారిలో 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మకమైన స్థానంలో ఉన్నవాళ్లు. ఎక్కువ మంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అధ్యయనం జరిగిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. పోస్టరు ఆ మౌనాన్ని పిల్లల చేతనే బద్దలు కొట్టించాలని చూస్తుంది. అందరికన్నా చిన్నవాళ్ల మీద అందరికన్నా బరువైన పని పెడుతుంది. బిడ్డ నోరు విప్పిన తరువాత పెద్దలు ఏం చేయాలో ఆ పోస్టరు మీద కనబడదు.

చట్టంలో మాత్రం అది వివరంగా ఉంది. లైంగిక నేరాల నుంచి బాలలకు రక్షణ కల్పించే పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమలులోకి వచ్చింది. దాని 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినవాళ్లు, జరగబోతోందని అనుమానం కలిగినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పితీరాలి. బిడ్డే చెబితే, ఆమెకు అర్థమయ్యే తేలిక మాటల్లో రాయాలి. రాసే భాష బిడ్డకు రానిదైతే అనువాదకుణ్ణి, దుబాసీని ఏర్పాటు చేయాలి.

మైదానంలో ఈ ఆఖరి వాక్యం మీద ఎవరి చూపూ నిలవదు. కొండల్లో మొత్తం కేసు దాని మీదే నిలబడుతుంది. లంబసింగి దుకాణాల దగ్గర, చింతపల్లి సంతలో తెలుగు నడుస్తుంది. కొండ పల్లెల్లో ఇంటి భాష కువి కావచ్చు, ఆదివాసీ ఒడియా కావచ్చు. ఆరేళ్ల పాపకు బడి తెలుగు కొంత వచ్చినా, నొప్పి గురించి, భయం గురించి చెప్పే మాటలు ఇంటి భాషలోనే ఉంటాయి. ఆ మాటలు తెలుగులోకి వచ్చేటప్పుడు ఒక్కటి మెత్తబడినా కేసు మారిపోతుంది. పోక్సోలో లైంగిక వేధింపుకు శిక్ష గరిష్ఠంగా మూడేళ్లు. 16 ఏళ్లలోపు బిడ్డపై అత్యాచారానికి 2019 సవరణ తరువాత కనీస శిక్ష 20 ఏళ్లు. పాప చెప్పినదాన్ని పక్కనున్న పెద్దాయన సిగ్గుపడి ‘అల్లరి చేశాడట’ అని తెలుగు చేస్తే, ఈ రెండింటి మధ్య ఉన్న 17 ఏళ్లు ఆ ఒక్క మాటలోనే కరిగిపోతాయి.

2020 పోక్సో నియమావళిలో ఇందుకు ఒక రిజిస్టరు ఉంది. ప్రతి జిల్లాలో బాలల సంరక్షణ విభాగం, అంటే డీసీపీయూ, ఆ రిజిస్టరు రాసి ఉంచాలి. దుబాసీల, అనువాదకుల, ప్రత్యేక ఉపాధ్యాయుల, కేసు పొడవునా బిడ్డకు తోడుండే సహాయకుల పేర్లు, చిరునామాలు అందులో ఉండాలి. పోలీసులు, మేజిస్ట్రేటు, ప్రత్యేక కోర్టు ఎవరు అడిగినా అందుబాటులో ఉంచాలి. పిల్లల రక్షణ మీద వచ్చిన కాగితాలన్నిటిలో ఈ కొండలకు ఇంతగా పనికొచ్చేది మరొకటి లేదు. అది చూడడానికి చాలా మామూలు పుస్తకం.

అందులో పేరు ఎక్కడానికి డిగ్రీ అక్కర్లేదు. బిడ్డ మాట్లాడే భాష, రాష్ట్ర అధికార భాష రెండూ వాడుకగా వచ్చి ఉంటే చాలు. ఆ భాష తన తల్లిభాష కావచ్చు, ప్రాథమిక స్థాయిలో చదువుకున్న భాష కావచ్చు, వృత్తి వల్ల గానీ అది మాట్లాడే చోట నివాసం వల్ల గానీ నేర్చుకున్నది కావచ్చు. ఇచ్చే రుసుము నిపుణ కార్మికుడి కనీస కూలికి తగ్గకూడదు. ఈ కొలతకు సరిపోయేవాళ్లు కొండల్లో కరువేమీ కాదు. కువి తల్లిభాషగా ఉండి తెలుగులో టెన్త్ చదివిన ఆశ కార్యకర్త సరిపోతుంది. అంగన్‌వాడీ టీచరు సరిపోతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో తల్లిభాషా బోధన మొదలుపెట్టారు. వాటిలో కువి, ఆదివాసీ ఒడియా ఉన్నాయి. ఆ తరగతుల్లో చెప్పినవాళ్లు, ఆ బడుల్లో చదివి పెద్దవాళ్లైనవాళ్లు ఈ పనికి అందరికన్నా తగినవాళ్లు.

చిక్కు ఒక్కచోట ఉంది. దుబాసీ నిష్పాక్షికంగా ఉండాలి, కేసుతో తనకు సంబంధం ఉంటే ముందే చెప్పాలి, విన్నదానికి ఏమీ కలపకుండా, ఏమీ తీసేయకుండా చెప్పాలి. ముప్పై గడపల ఊళ్లో అందరూ ఎవరికో ఒకరికి మేనమామో వియ్యంకుడో అవుతారు. అందుచేత ఒక ఊరి బిడ్డకు మరో పంచాయతీ మనిషి దుబాసీగా వెళ్లే ఏర్పాటు ఉండాలి. ‘నీ మాట రాసుకోవడానికి నీ భాష వచ్చిన మనిషి వస్తారు’ అన్న సంగతి పిల్లలకు, తల్లిదండ్రులకు ముందే తెలిసి ఉండాలి. పోస్టరు మీద స్పర్శల బొమ్మల పక్కన ఈ ఒక్క వాక్యానికి చోటు దొరకాలి.

కొండ మనిషికి పోలీసు స్టేషనంటే బెరుకు ఉండడానికి పాత కారణాలున్నాయి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఘాట్ రోడ్డు పనిలో కూలి ఎగ్గొట్టి చేయించిన వెట్టి, 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషను మీద అల్లూరి సీతారామరాజు దాడి, తండ్రి అప్పుకు కొడుకును కట్టిపడేసిన గొత్తి పద్ధతి. దాన్ని రద్దు చేస్తూ 1940లో మద్రాసు ప్రభుత్వం నిబంధన తెచ్చినా, మళ్లీ 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం తేవలసి వచ్చింది. ఇదంతా తాతల నాటి జ్ఞాపకమే. పోక్సో ఈ బెరుకును ఊహించినట్టే రాసి ఉంది. వాంగ్మూలం బిడ్డ ఇంట్లో గానీ, బిడ్డ కోరిన చోట గానీ తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాం వేసుకోకూడదు. రాత్రిపూట బిడ్డను స్టేషనులో ఉంచకూడదు.

స్టేషనుకు బదులు ఊళ్లో దొరికేది పెద్దమనుషుల తీర్పు. తప్పు కట్టించి, డబ్బు చేతిలో పెట్టి, ‘పరువు పోతుంది, ఇక ఊరుకోండి’ అని చెప్పి పంపుతారు. ఈ రాజీకి చట్టంలో విలువ లేదు. బాధిత కుటుంబంతో రాజీ కుదిరిందన్న కారణంతో లైంగిక నేరం కేసు కొట్టేయడం కుదరదని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చి చెప్పింది. నేరం తెలిసి దాచినవాళ్లకు ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ నడిపే వ్యక్తి తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాస్తే ఏడాది దాకా జైలు, జరిమానా. ఆశ్రమ పాఠశాలలు, వసతి గృహాల మీద ఆధారపడిన ప్రాంతంలో ప్రతి సిబ్బంది గదిలోనూ గోడకు ఉండవలసిన వాక్యం ఇది. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద ఏ కేసూ ఉండదన్న 19వ సెక్షన్ హామీని కూడా దాని పక్కనే రాయాలి. బెదిరింపు ఒక్కటే రాస్తే జనం మరింత ముడుచుకుపోతారు.

చూసుకోకపోవడం అనే హాని దగ్గర ప్రచారం ఇంకా జాగ్రత్తగా నడవాలి. కాఫీ పళ్లు కోసే కాలంలో తల్లిదండ్రులు తెల్లవారగానే తోటకు వెళతారు. చంటివాణ్ణి ఎనిమిదేళ్ల అక్క చూసుకుంటుంది. చలికి వేసిన నెగడు పక్కనే ఇద్దరూ ఉంటారు. బడి పోతుంది, ఒక్కోసారి ఒళ్లు కాలుతుంది. 2015 బాలల న్యాయచట్టం 75వ సెక్షన్ నిర్లక్ష్యానికి మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ అని చెబుతుంది. అదే సెక్షన్, తమ చేతిలో లేని పరిస్థితుల వల్ల బిడ్డను విడిచిపెట్టిన కన్నవాళ్లకు ఈ శిక్ష వర్తించదని కూడా అంటుంది. పేదరికాన్ని నేరంగా చూడవద్దనే ఆ మాటకు ప్రచారంలో మొదటి చోటు ఇవ్వాలి. వేళకు తెరిచే అంగన్‌వాడీ, మిషన్ వాత్సల్య కింద అర్హులైన బిడ్డకు నెలకు 4,000 రూపాయల సాయం ఆ ఇంటికి కేసు కన్నా ముందు చేరాలి. గంజాయి మోయడానికి పిల్లలను వాడుకునేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు ఇదే చట్టం 78వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన శిక్ష ఉంది.

బాల్యవివాహాల దగ్గరా ఇలాంటి మెలకువే కావాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. పద్దెనిమిది లోపు భార్యతో సంసారం కూడా అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. చట్టాన్ని భయంగా మాత్రమే చాటితే, భర్త మీద కేసు పడుతుందని గర్భవతి అయిన పదహారేళ్ల పిల్ల ఆసుపత్రి గడప తొక్కదు. ప్రచారం ఆమెను ఆసుపత్రికి రప్పించేలా ఉండాలి.

ఈ సంగతులు ఎక్కడ చెప్పాలో కూడా 2020 నియమావళి చెప్పింది: పంచాయతీ భవనాలు, బడులు, బస్టాండ్లు, జనం గుమిగూడే చోట్లు. కొండల్లో జనం గుమిగూడే చోటంటే వారపు సంత. ఊరి కబురు చాటే బారికి నోట ఇంటి భాషలో వినిపించిన మాట కాగితం మీది మాటకన్నా దూరం వెళుతుంది.

1098 నొక్కితే

ఈ నంబరు 1996లో ముంబైలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ నుంచి జెరూ బిలిమోరియా చొరవతో మొదలైంది. 2023 నుంచి ప్రభుత్వమే నడుపుతోంది, అత్యవసర నంబరు 112తో కలిపింది. రోజంతా పనిచేస్తుంది, డబ్బు పడదు. సిగ్నలు లేని లోయల్లో దీనికి బదులు ఊళ్లోని ఏఎన్‌ఎంకు నేరుగా చెప్పవచ్చు. పోలీసులు 24 గంటల్లోగా సంగతిని బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక కోర్టుకు తెలపాలి. తిండికి, బట్టలకు, ప్రయాణానికి తక్షణ సాయం ఇవ్వాలని సమితి సిఫారసు చేస్తే, ఆ డబ్బు వారంలోగా చేతికి అందాలి. కొండ దిగి విశాఖపట్నం దాకా కోర్టుకు వెళ్లవలసిన కుటుంబానికి బస్సు చార్జీ కూడా ఆ లెక్కలోనిదే.

మంచు చూడవచ్చేవారికి

కేంద్ర పర్యాటక శాఖ 2010 జూలై 1న గౌరవప్రదమైన, సురక్షితమైన పర్యాటకం కోసం ఒక నియమావళి తెచ్చింది. పిల్లలను దోపిడీ నుంచి కాపాడడం అందులో ముఖ్యమైన అంశం. పోక్సో 20వ సెక్షన్ హోటల్, లాడ్జి సిబ్బంది పేరెత్తి చెబుతుంది: పిల్లలను లైంగికంగా వాడుకున్న బొమ్మ గానీ వీడియో గానీ కంటపడితే పోలీసులకు తెలపాలి. సీజనుకు గుడారాలు వేసి అద్దెకిచ్చేవాళ్లు కూడా ఈ నియమం తమకోసమే రాశారనుకోవాలి. రోడ్డు పక్క చలి కాచుకుంటున్న పిల్లలను అడగకుండా ఫొటో తీయకూడదు. చాక్లెట్ ఆశ చూపి రీల్స్‌లో ఆడించకూడదు. అపరిచితుడు ఏదైనా ఇస్తే తీసుకోవద్దని బడిలో నేర్చుకున్న పాఠాన్ని, సెలవు రోజున ఊరికి వచ్చిన అతిథి చెరిపేయకూడదు.