కరెంటు బస్సు సరే... దారేదీ?

సాయంత్రం ఆరున్నరకు హైదరాబాద్ మెహదీపట్నంలో బస్ బే కేసి ఓసారి చూడండి. అక్కడ బస్సుకు తప్ప అందరికీ చోటుంటుంది. వరసగా ఆటోలు, మొక్కజొన్న కంకుల బండి, హెల్మెట్ ట్యాంకు మీద పెట్టి ఫోన్లో మాట్లాడుకునే కుర్రాళ్లు. ఇంతలో కొత్త ఎలక్ట్రిక్ బస్సు వస్తుంది. పొగ లేదు, చప్పుడు లేదు. బేలోకి దూరే సందు లేక రోడ్డు నడిమధ్యలోనే ఆగుతుంది. జనం బైకులకు చేతులడ్డం పెట్టుకుంటూ పరిగెత్తి ఎక్కుతారు. వెనకాల నాలుగు బస్సులు, నలభై కార్లు, వాటి హారన్లు. 'రైట్, రైట్' అని కండక్టర్ అరిచేసరికి సిగ్నల్ మళ్లీ ఎర్రగా మారిపోతుంది.

మన నగరాల్లో హరిత రవాణా ఎక్కడ చిక్కుకుందో తెలియాలంటే ఆ రెండు నిమిషాలు చూస్తే చాలు.

హైదరాబాద్ రోడ్డెక్కిన తొలి ఎలక్ట్రిక్ బస్సులు నలభై. 2019లో విమానాశ్రయానికి 'పుష్పక్' పేరుతో తిప్పారు. ఇప్పుడు పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద నగరానికి కేటాయించినవే 2,000. సంతోషమే. అయితే వీటి పచ్చదనం లెక్క ఎంతో కాగితం మీద వేసి చూద్దాం.

లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. సిటీ ట్రాఫిక్‌లో ఏసీ డీజిల్ బస్సు లీటరుకు మూడు, మూడున్నర కిలోమీటర్లు లాగిందనుకుందాం. కిలోమీటరుకు 0.8 నుంచి 0.9 కిలోలు పడుతుంది. అదే సైజు ఎలక్ట్రిక్ ఏసీ బస్సు కిలోమీటరుకు ఒకటింబావు యూనిట్ దాకా కరెంటు తింటుంది. మన గ్రిడ్‌లో ఇంకా బొగ్గుదే పెత్తనం కాబట్టి, యూనిట్ వెనక సగటున 0.7 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. గుణిస్తే వచ్చేది దాదాపు అదే అంకె! డీజిల్‌ను శుద్ధి చేసి బంకు దాకా చేర్చడంలో వెలువడే కార్బన్ కూడా కలిపితే ఎలక్ట్రిక్ బస్సు కాస్త ముందుంటుంది. గ్రిడ్‌లోకి సౌర విద్యుత్తు వచ్చేకొద్దీ ఇంకాస్త. స్టాపులో నిలబడ్డవాళ్ల ముక్కుపుటాల్లోకి నల్లపొగ పోకపోవడమైతే మొదటి రోజు నుంచే దక్కే లాభం. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కాకపోతే ఇంజిన్ తీసి మోటారు పెట్టినంత మాత్రాన నగరం పచ్చబడిపోదు.

మరి దేనివల్ల పచ్చబడుతుంది? సీట్లు నిండటం వల్ల. అదే ఎలక్ట్రిక్ బస్సులో యాభై మంది ఉంటే కిలోమీటరుకు తలకు పద్దెనిమిది గ్రాములే పడుతుంది. లీటరుకు యాభై ఇచ్చే బైకు మీద ఒక్కడే పోతే దాదాపు 46 గ్రాములు. బస్సులో పదిమందే ఉన్నారనుకోండి, తలకు 88 గ్రాములు: ఎవరి బైకు మీద వాళ్లు పోవడమే నయం! తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులెలా నిండాయో చూస్తూనే ఉన్నాం. దాన్ని సంక్షేమ పథకంగానే మాట్లాడుకుంటున్నాం గానీ, పర్యావరణ పద్దులో కూడా రాసుకోవాల్సిందే. ఛార్జీ అడ్డం కానివాళ్ల సంగతి వేరు. చేతిలో బైకు తాళం ఉన్నవాడు బస్సెందుకు ఎక్కడంటే, ఎప్పుడొస్తుందో తెలియదు, ఎప్పుడు చేరుస్తుందో అంతకన్నా తెలియదు.

ఇక్కడే రోడ్డు ఇంజినీరింగ్ వస్తుంది. ఇరవై కిలోమీటర్ల రూటు, పది బస్సులు అనుకుందాం. ట్రాఫిక్‌లో గంటకు 12 కిలోమీటర్ల చొప్పున పాకితే పోను గంటా నలభై నిమిషాలు, రాను అంతే. మొత్తం 200 నిమిషాలు. ఇరవై నిమిషాలకో బస్సు. ప్రత్యేక లేన్ ఇచ్చి వేగాన్ని 18కి పెంచితే రానూపోనూ 133 నిమిషాలే పడుతుంది. అవే బస్సులతో, అదే సిబ్బందితో పదమూడు నిమిషాలకో బస్సు వస్తుంది. పది బస్సులు పదిహేను బస్సుల పని చేస్తాయి. ఒక్కో ఎలక్ట్రిక్ బస్సుకు కోటి రూపాయలకు అటూఇటూ పోసే కాలంలో ఇంతకన్నా చవకైన పచ్చదనం నాకైతే కనబడటం లేదు.

బ్రెజిల్‌లోని కురిచీబా నగరం ఈ పని 1974లోనే మొదలుపెట్టింది, అదీ డీజిల్ బస్సులతో. రోడ్డు మధ్యలో బస్సుకు విడిగా దారి, 1991 నుంచి గాజు గొట్టాల్లాంటి స్టాపులు. టికెట్ లోపలికొచ్చేటప్పుడే తీసుకుంటారు. ప్లాట్‌ఫాం బస్సు ఫ్లోరుతో సమానంగా ఉంటుంది కాబట్టి ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు క్షణాల్లో తెములుతారు. మన మామూలు సిటీ బస్సు ఫ్లోరు నేలకు దాదాపు 900 మిల్లీమీటర్ల ఎత్తు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ కడ్డీ పట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మూడు మెట్లెక్కే లోపు ఎంత సమయం పోతుందో డ్రైవర్‌ని అడగండి. స్టాపు ఎత్తు మారిస్తే ఆవిడ కష్టమూ తీరుతుంది, బస్సు ఆలస్యమూ తగ్గుతుంది.

మనమూ ప్రయత్నించకపోలేదు. అహ్మదాబాద్ 2009లో మొదలుపెట్టిన బస్సుల దారి జన్‌మార్గ్ ఇప్పటికీ నడుస్తోంది. ఢిల్లీ 2008లో తెచ్చిన బస్ కారిడార్‌ను కార్లవాళ్ల గగ్గోలు మధ్య 2016లో పీకేసింది. జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం కింద కేంద్ర నిధులొచ్చిన కాలంలో విజయవాడ, విశాఖలకూ బీఆర్టీఎస్ పేరుతో బస్సుల దారి వచ్చింది. విజయవాడలో నేటికీ ఆటోవాలాను 'బీఆర్టీఎస్ రోడ్డు' అంటే నేరుగా తీసుకెళ్లి దింపుతాడు. చిరునామాకు పనికొచ్చిందన్నమాట.

మెట్రో మాటేమిటంటారా? హైదరాబాద్‌లో 2017లో మొదలై మూడు కారిడార్లలో 69 కిలోమీటర్లకు పెరిగింది. 25,000 వోల్టుల లైను మీద నడుస్తుంది, బ్రేకు వేసినప్పుడు పుట్టిన కరెంటును మళ్లీ లైనులోకే పంపుతుంది. మెచ్చుకోదగ్గదే. కానీ పిల్లర్లలో పోసిన సిమెంటు టన్నుకు అర టన్నుకు పైగా కార్బన్ డయాక్సైడ్ ముందే గాలిలో కలిసిపోయింది. ఆ అప్పు తీరాలంటే బోగీలు దశాబ్దాల పాటు నిండుగా తిరగాలి. 2003లో వచ్చిన లోకల్ రైలు ఎంఎంటీఎస్‌కు చాలామటుకు ఆ అప్పే లేదు, పట్టాలు అంతకుముందే ఉన్నాయి కనుక. అవే పట్టాల మీద దూరప్రాంతపు రైళ్లు, గూడ్సులు నడవాలి కాబట్టి పాపం దాని వంతు ఎప్పుడూ ఆఖరే.

అందరి కళ్లూ రోడ్డు మీదే గానీ అసలు కథ డిపోలో ఉంది. వంద ఎలక్ట్రిక్ బస్సులు రోజుకు 200 కిలోమీటర్లు తిరిగితే దాదాపు 25,000 యూనిట్లు కావాలి. నెలకు 200 యూనిట్లు కాల్చే 3,750 ఇళ్ల వాడకంతో సమానం. అన్నిటినీ అర్ధరాత్రి ఐదు గంటల్లో ఛార్జ్ చేయాలంటే ఐదు మెగావాట్ల లోడు పడుతుంది. డిపోకు సొంత సబ్‌స్టేషన్ ఉండాలి. అది పల్లంలో ఉండకూడదు. 2020 అక్టోబర్ వానకు హైదరాబాద్‌లో ఏమేం మునిగాయో మరిచిపోలేదు కదా! పైగా రాత్రి ఛార్జింగ్ అంటే ఎక్కువగా బొగ్గు కరెంటే. పొద్దుటి రద్దీ తగ్గాక, పదకొండు నుంచి మూడు దాకా సగం బస్సులను డిపోలో కట్టేసి ఛార్జ్ చేస్తే, ఎండ మండే ఆ వేళ సౌర విద్యుత్తు గ్రిడ్‌లో పుష్కలంగా ఉంటుంది. కార్బన్ లెక్క అక్కడ నిజంగా మారుతుంది. అయితే డ్రైవర్ డ్యూటీలు, బస్సుల షెడ్యూళ్లు అందుకు తగ్గట్టు తిరగరాయాలి. అద్దె బస్సుల ఒప్పందాల్లో కంపెనీకి కిలోమీటరు లెక్కన డబ్బు ముడుతుంది, లోపల జనం ఉన్నా లేకున్నా. మధ్యాహ్నం బండి ఆపమంటే ఎవరికి మాత్రం ఇష్టం?

ఇక పెత్తనాల సంగతి. బస్సు ఆర్టీసీది, ఫుట్‌పాత్ నగరపాలక సంస్థది, లేన్ ట్రాఫిక్ పోలీసులది, కరెంటు తీగ డిస్కంది. వీళ్లందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టడానికే హైదరాబాద్‌లో 2008లో ఏకీకృత మహానగర రవాణా సంస్థను పెట్టారు. బల్ల ఉంది, అధికారమే ఎవరి జేబులో వాళ్లదిగా ఉంది.

కోట్ల ప్రాజెక్టు నివేదికలు పక్కనపెట్టి ఆ సంస్థ ఒక చిన్న పనితో మొదలుపెట్టవచ్చు. బస్సులు ఎక్కువగా తిరిగే ఒక్క రోడ్డును ఎంచుకుని, పొద్దున మూడు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు ఒక లేన్ బస్సుకే వదలాలి. స్టాపుల దగ్గర ఆటోలకు పక్క సందులో స్టాండు చూపించాలి. రంగు గీతలు, ప్లాస్టిక్ దిమ్మెలు, కొందరు హోంగార్డులు కావాలి. మూడు నెలలు బస్సుల జీపీఎస్ లెక్కలను వారం వారం జనం ముందు పెడితే, పది బస్సులు పదిహేను బస్సుల పని చేస్తున్నాయో లేదో కొత్త 2,000కు టైమ్‌టేబుల్ వేయకముందే తేలిపోతుంది.