ఏనుగుల జాడకు గళ్ల పటం

2023 మార్చి 7న ధర్మపురి జిల్లా మారండహళ్ళి సమీపంలో, పొలం చుట్టూ అక్రమంగా అమర్చిన విద్యుత్ కంచె తగిలి మూడు ఏనుగులు మరణించాయి. అంతకు నెల రోజుల ముందు పాలక్కోడు ప్రాంతంలో పంటలను పాడుచేస్తున్న మఖ్నాను, అనగా దంతాలు లేని మగ ఏనుగును, అటవీ శాఖ పట్టి ఆనమలై అడవులకు తరలించింది. పాలక్కోడు, పెన్నాగరం నడుమనున్న పాపారపట్టి వంటి ఊళ్లలో రాత్రి కాపలా కాచే కుటుంబాలకు కావలసినది ఒకే సమాధానం: ఏనుగు ఎటునుండి వస్తుంది, ఎక్కడ నిలుస్తుంది?

ఏనుగుకు రాష్ట్రాల ఎల్లలు లేవు. 1980ల దశకంలో హోసూరు, ధర్మపురి అడవుల నుండి కదలిన గుంపులు చిత్తూరు జిల్లాకు చేరగా, పలమనేరు, కుప్పం ప్రాంతంలో 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఇటువంటి సంచారాన్ని గ్రహించడానికి పరిశోధకులు అనుసరించే పద్ధతి పేరుకు కంప్యూటరుదే కాని, దాని మూలం పలక మీద చేయదగిన లెక్క.

ఏనుగు కనబడిన ప్రతి చోటుకు అక్షాంశం, రేఖాంశం అను రెండు అంకెలు ఉంటాయి. వాటిని 0.05తో భాగించి, దశాంశ భాగాన్ని వదలివేస్తే గడి సంఖ్య వస్తుంది. అక్షాంశం 12.31 అయితే 246.2, అనగా 246వ వరుస. రేఖాంశం 78.07 అయితే 1561.4, అనగా 1561వ నిలువు. మన ప్రాంతంలో ఇటువంటి గడి ఒక్కొక్క వైపు ఇంచుమించు ఐదున్నర కిలోమీటర్లు. వేల నమోదులున్నను ఆర్, పైథాన్ వంటి కంప్యూటరు భాషలలో ఇది రెండు మూడు పంక్తుల పని. ఒకే ఏనుగును పదిమంది చూసి పదిసార్లు తెలిపినా, ఒక తేదీకి ఒక గడిలో ఒకసారిగానే లెక్కించడం ఈ గళ్ల వలన కలిగే పెద్ద మేలు.

అయితే ఖాళీ గడి అనగా ఏనుగు రాని చోటు అని కాదు. చూసి చెప్పినవారు లేని చోటు కూడా కావచ్చును. రహదారుల వెంబడి చుక్కలు కిక్కిరిసి, లోపలి కొండలు ఖాళీగా కనబడడానికి కారణం తరచు ఇదే.

గుంపు కేంద్రం కనుగొనడం ఇంకను సులభం: అక్షాంశాల సగటు ఒకటి, రేఖాంశాల సగటు ఒకటి. సులభమైనందుననే మోసం కూడా అక్కడే ఉన్నది. ఊహకు ఒక ఉదాహరణ తీసుకొందాం. పాలక్కోడు వైపు 12.30, 12.31, 12.32 అక్షాంశాల వద్దను, పెన్నాగరం వైపు 12.10, 12.11, 12.12 వద్దను ఏనుగులు కనబడినవనుకొందాం. ఆరింటి సగటు 12.21. అది ఇంచుమించు పాపారపట్టి ఉన్న అక్షాంశం! అక్కడ ఒక్క ఏనుగైనా అడుగు పెట్టకపోయినా పటం మీద కేంద్రం ఆ వరుసలోనే పడుతుంది. రెండు గుంపులను విడదీసి లెక్కిస్తే 12.31, 12.11 అని రెండు కేంద్రాలు వచ్చి నిజం బయటపడుతుంది. కనుక ముందు గుంపు, నెల, ఋతువు వారీగా విభజన, ఆ తరువాతనే సగటు. వరుస తారుమారైతే కందకం ఒకచోట, ఏనుగు మరొకచోట.

ఈ ప్రాంతానికి మరొక చిక్కు కూడా ఉన్నది. దూరాలను మీటర్లలో కొలవడానికి పటకర్తలు వాడే యూటీఎం పద్ధతి భూమిని ఆరేసి డిగ్రీల పట్టీలుగా చీలుస్తుంది. 43వ పట్టీ ముగిసి 44వది మొదలయ్యే 78 డిగ్రీల రేఖ పాపారపట్టికి పడమటగా, పెన్నాగరానికి తూర్పుగా సాగిపోతుంది. ఆ గీతకు ఒకవైపు తూర్పు కొలత సుమారు 826 కిలోమీటర్లు, మరొకవైపు 174. రెండు పట్టీల అంకెలను పొరపాటున కలిపి సగటు తీసి, 44వ పట్టీలో చూస్తే, ధర్మపురి ఏనుగుల కేంద్రం బంగాళాఖాతంలో తేలుతుంది! రెండు ఊళ్లనూ ఒకే పట్టీలోకి మార్చుకొన్న పిమ్మటనే లెక్క సాగాలి.

బహిరంగంగా లభించే నమోదులతో కూడా జాగ్రత్త అవసరం. వేటగాళ్ల భయం చేత ఐనాచురలిస్ట్ వంటి వేదికలు అపాయంలోనున్న జీవుల చోటును 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒకచోట చూపుతాయి. అది ఒక్కొక్క వైపు ఇంచుమించు ఇరవై రెండు కిలోమీటర్ల మరుగు. అటువంటి చుక్కను చిన్న గడిలో పెట్టి, ఫలానా ఊరి ఏనుగు అనడం తగదు.

గ్రామంలో ఎవరైనా చూసినది వ్రాసి ఉంచదలచినచో తేదీ, వేళ, ఎన్ని ఏనుగులు, ఏ దిక్కుగా పోయినవి అనే వివరాలతో పాటు, ఫోను చూపే అంకెలను దశాంశం తరువాత మూడు స్థానాల వరకు వ్రాయాలి. మూడు స్థానాలున్నచో చోటు నూటపది మీటర్లలోపు తెలుస్తుంది. 12.2 అని ఆపివేస్తే పదకొండు కిలోమీటర్ల మేర ఏ చేనైనా కావచ్చును.