చిన్న బల్బు పోయిందని సెట్టు పారవేయవద్దు



మెదక్ దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడింది. ఏటా ఒకసారైనా కుటుంబమంతా అక్కడికి వెళ్లి ఆరాధించడం మా ఇంటి అలవాటు. అలా వెళ్లి ఒక రాత్రి నర్సాపూర్ మీదుగా హత్నూరకు తిరిగి వస్తున్నాము. మా కారు పాతది. కారుతోపాటు కంపెనీవారు బిగించి ఇచ్చిన రేడియో కూడా అంతే పాతది. పాటలు బాగానే వస్తాయి గాని, చీకటి పడితే దాని మీద అంకెలు కనబడవు, మీటలు కనబడవు.

వెనుక సీటులో చిన్నపాప నిద్రపోయింది. శబ్దము తగ్గిద్దామని మీట కోసం తడుముతూ కళ్లు కిందికి దించాము. తల ఎత్తేసరికి ఎదుట ట్రాక్టరు ట్రాలీ ఆగి ఉంది! దేవుని కృపవలన బ్రేకు సమయానికి పడింది. ఆ ట్రాలీకి వెనుక దీపము లేదు, మా రేడియోకు లోపల దీపము లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోయే బండి రెండు సెకన్లలో సుమారు 33 మీటర్లు దాటిపోతుంది. అంత దూరము మేము కళ్లు మూసుకొని నడిపినట్టే గదా!

మరునాడు ఒక దుకాణములో చూపిస్తే, "ఈ సెట్టు పారేసి కొత్తది పెట్టించుకోండి" అన్నారు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు పని చేసే మా మేనల్లుడు మాత్రం చూసి నవ్వాడు. "మామా, సెట్టు మంచిగనే ఉంది. లోపల బల్బులు పోయినయ్, గంతే."

ఆ బల్బులు బియ్యపు గింజకంటే కొంచెం పెద్దవి. మీటల వెనుక, అంకెల పలక వెనుక ఉంటాయి. లోపలి సన్నని టంగ్‌స్టన్ తీగ వేడికి కొద్దికొద్దిగా అరిగి, గాజు నల్లబడి, ఒక రోజు తెగిపోతుంది. గతుకుల దారి కుదుపులకు ఇంకా ముందే తెగవచ్చు. రేడియోకు వచ్చిన చెడు ఏమీ లేదు.

ఇంట్లో సాల్డరింగు తెలిసినవారు ఉంటే ఈ పని చేసుకోవచ్చు. మేము నేర్చుకున్న సంగతులు ఇవి:

1. మొదట ఫ్యూజు చూడండి. చాలా కార్లలో సైడులైట్లు వేస్తేనే రేడియో బల్బులు వెలుగుతాయి. స్పీడు మీటరు దీపము కూడా వెలగకపోతే తప్పు ఫ్యూజులో ఉండవచ్చు.

2. బ్యాటరీ మైనస్ వైరు తీయకుండా సెట్టు ముట్టవద్దు. కొన్ని సెట్లు కరెంటు తీసి మళ్లీ ఇస్తే రహస్య సంఖ్య అడుగుతాయి. ఆ సంఖ్య ముందే వ్రాసి పెట్టుకోండి.

3. ముందు పలకను నెమ్మదిగా విప్పండి. దాని వెనుక పట్టీవంటి వైరు ఉంటే లాగవద్దు, తెగుతుంది.

4. మల్టీమీటరుతో ప్రతి బల్బును చూడండి. తీగ తెగినదానిలో కరెంటు పారదు.

5. పాత బల్బును వెంట తీసుకొనిపోయి అదే కొలతది తెచ్చుకోండి. మేము హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో వెదికి తెచ్చుకున్నాము. ఇంజను నడిచేటప్పుడు కారులో కరెంటు సుమారు 14 వోల్టులు ఉంటుంది గనుక దానికి తగినదే కావాలి. పాత బల్బుకు ఆకుపచ్చ రబ్బరు టోపీ ఉంటే దాచి కొత్తదానికి తొడగండి.

6. ఎల్ఈడీ పెట్టదలిస్తే ప్లస్ మైనస్ చూసుకోవాలి. రెసిస్టరు లేకుండా నేరుగా కలిపితే మాడిపోతుంది. ఒక్కో ఎల్ఈడీకి 1 కిలో ఓమ్ రెసిస్టరు సరిపోతుంది.

7. అన్ని బల్బులదీ ఒకే వయస్సు. ఒకటి పోయినప్పుడు అన్నీ మార్చితే మళ్లీ విప్పే పని ఉండదు.

ఒక శనివారము మధ్యాహ్నము పని అంతా ముగిసింది. ఆ సాయంకాలము సైడులైట్లు వేయగానే రేడియో ముఖము పచ్చగా వెలిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

మత్తయి సువార్త 25వ అధ్యాయములోని పదిమంది కన్యకల సంగతి మనకు తెలిసిందే. దీపము అందరి చేతిలోనూ ఉంది, కొరత వచ్చింది లోపలి నూనెకు. మన సంఘములలోనూ ఒకప్పుడు ముందుండి పాడిన పెద్దలు కొందరు ఇప్పుడు వెనుక బల్లమీద మౌనముగా కూర్చుంటున్నారు. కొందరు రావడమే మానుకున్నారు. "ఆయన పని అయిపోయింది" అని మనము తేలికగా అంటాము. ఆ దుకాణములో మాకు చెప్పిన మాటా అదే గదా! ఆయన ఇంటికి వెళ్లి, కూర్చొని, లోపల ఆరిపోయినది ఏమిటో మనలో ఎవరైనా అడిగామా? దుఃఖమో, అప్పో, ఎవరో అన్న ఒక మాటో కావచ్చు. స్వరము ఇంకా లోపలే ఉంది.

ఈ వారము అటువంటి ఒక్క ఇంటి తలుపు తట్టుదాము. ట్రాక్టరు ఉన్న సహోదరులు ట్రాలీ వెనుక దీపము కూడా ఈ రాత్రే చూసుకోవాలని మనవి. ప్రభువు మన ప్రయాణములన్నిటిలో తోడైయుండును గాక. ఆమేన్.