రిపీటరు పలుకనిచో

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకినపుడు విశాఖపట్నములో టెలిఫోనులు మూగవోయినవి. హామ్ రేడియో అభిరుచిగలవారు తమ సెట్లతో కబురులు చేరవేసిరి. కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు పొందిన హాములు మీ గ్రామములోనున్నచో, వారి సెట్లను వానలకు ముందే పరీక్షింపించుడు.

చేతిసెట్టు మాట నేలమీద ఎక్కువ దూరము పోదు. ఎత్తున నున్న రిపీటరు దానిని ఒక ఫ్రీక్వెన్సీపై విని, వెంటనే మరియొక ఫ్రీక్వెన్సీపై పలుకును. 2 మీటర్ల బ్యాండులో ఈ రెండింటి తేడా సాధారణముగా 600 కిలోహెర్ట్జులు.

ఇతరుల మాట వినబడుచున్నను మీ పిలుపునకు రిపీటరు పలుకనిచో, సెట్టు చెడినదని తొందరపడి విప్పకుడు. తప్పు చాలమారులు అమరికలోనే యుండును. తేడాను హెచ్చువైపు పెట్టితిరా, తగ్గువైపా? రిపీటరు కోరు టోను పెట్టితిరా? టోను లేని పిలుపునకు అది గడియవేసిన తలుపే. పిదప బ్యాటరీని, ఏంటెనాను చూడుడు. 145 మెగాహెర్ట్జులకు సుమారు 50 సెంటీమీటర్ల కడ్డీ, పొట్టి రబ్బరు ఏంటెనాకంటె మేలు. ఏంటెనా తగిలింపక మీట నొక్కరాదు, సెట్టు పాడగును.

డాబా ఎక్కి, ఏంటెనాను నిలువుగా నుంచి మరల పిలువుడు. అప్పటికిని పలుకనిచో రిపీటరుకే కరెంటు పోయియుండవచ్చును. అందుచే నేరుగా మాటలాడుటకొక ఫ్రీక్వెన్సీని పొరుగూరి హాములతో ముందే అనుకొని, కాగితముపై వ్రాసి సెట్టుకు అంటింపుడు.