ముందు ఒప్పుకోలు... ఆ తర్వాతే బల్ల

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో నల్లమల అడవికి వాకిలి లాంటి ఊరు మన్ననూర్. నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాద్ మండలంలోని ఈ ఊరి దగ్గర అటవీశాఖ చెక్‌పోస్టు ఉంది. అది పులులు తిరిగే అడవి. అందుకే రాత్రి 9 గంటలకు గేటు వేస్తే మళ్లీ ఉదయం 6 గంటలకే తీస్తారు. వేళ దాటి వచ్చినవారి కారు ఖరీదు ఎంతైనా, వారి తొందర ఎంతటిదైనా ఆగాల్సిందే!

క్రైస్తవ జీవితంలోనూ అలాంటి గేటు ఒకటుంది. అది ప్రభువు బల్లకు ముందుంది. దాని పేరు ఒప్పుకోలు. రొట్టె విరిచే ముందు, పాత్ర ఎత్తే ముందు ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకోవాలని పౌలు కొరింథు సంఘాన్ని హెచ్చరించాడు (1 కొరింథీ 11:27–29). కానీ ఇప్పుడు ఆ గేటు దగ్గర ఆగేవారు తక్కువ, ఆపేవారు అంతకన్నా తక్కువ. అన్నదమ్ములు గట్టు తగాదాతో ఏళ్లతరబడి మాట్లాడుకోరు. అయినా సంస్కారపు ఆదివారం ఒకే వరుసలో నిలబడి, ఒకే పాత్రలోనిది పుచ్చుకుని, చెరో దారిన ఇంటికి పోతారు. ఇద్దరిలో ఎవరికీ ఇది వింతగా తోచదు. అసలు విషాదం అదే!

మాటల్లోనే ఉంది మర్మం

పాపాన్ని ఒప్పుకోవడానికి తెలుగు క్రైస్తవులకు ఒక్క మాట కాదు, చాలా మాటలున్నాయి. కతోలిక విశ్వాసులు దాన్ని ‘పాపసంకీర్తనం’ అంటారు. సంకీర్తనం అంటే మనకు గుర్తొచ్చేది దేవుని గుణగానం. తన తప్పును దేవుని ఎదుట నోరారా చెప్పడం కూడా దేవుణ్ణి కీర్తించడమేనన్న భావం ఆ మాటలో ఒదిగింది. ఎందుకంటే క్షమించేవాడున్నాడని నమ్మినవాడే తన తప్పు చెప్పుకోగలడు. ప్రొటెస్టెంటు సంఘాల్లో ‘మారుమనస్సు’ అన్న మాట ఎక్కువ. నడుస్తున్న దారి తప్పని తెలిసి వెనక్కు తిరగడమే మారుమనస్సు. ‘పశ్చాత్తాపం’లో తాపం ఉంది. చేసిన తర్వాత లోపల రగిలే మంట అది. మంట ఒక్కటే ఉండి వెనక్కు తిరగడం లేకపోతే ఏమవుతుందో యూదా ఇస్కరియోతు జీవితం చెబుతుంది. మంట, మలుపు రెండూ కలిస్తే ఏమవుతుందో పేతురు జీవితం చెబుతుంది.

‘సంస్కారం’ అన్న మాట కూడా అలాంటిదే. బాగా నడుచుకునేవాణ్ణి సంస్కారవంతుడంటాం. కతోలిక సంఘం జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం, పాపసంకీర్తనం, వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, గురుపట్టం, జ్ఞానవివాహం అనే ఏడింటిని దివ్యసంస్కారాలుగా పాటిస్తుంది. ప్రొటెస్టెంటు సంఘాలు చాలావరకు బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం అనే రెండింటినే అంగీకరిస్తాయి. లెక్కలో తేడా ఉన్నా, పశ్చాత్తాపం లేకుండా ఏ సంస్కారమూ మనిషిని సంస్కరించదన్న విషయంలో తేడా లేదు.

చక్రవర్తిని ఆపిన కాపరి

తొలి శతాబ్దాల సంఘంలో ఒప్పుకోలు రహస్యం కాదు. హత్య, వ్యభిచారం, విశ్వాసత్యాగం వంటి ఘోరపాపాలు చేసినవారు సంఘం ఎదుట పశ్చాత్తాపుల వరుసలో నిలబడేవారు. నెలలు, కొన్నిసార్లు ఏళ్లు గడిచాక బల్ల దగ్గరకు తిరిగి రానిచ్చేవారు. క్రీస్తుశకం 390లో థెస్సలొనీక పట్టణంలో అల్లర్లు జరిగి ఒక సేనాని హతుడైతే, రోమా చక్రవర్తి థియొడోసియస్ సైన్యం అక్కడి జనాన్ని ఊచకోత కోసింది. మిలాను పీఠాధిపతి అంబ్రోజు చక్రవర్తికి ఉత్తరం రాశాడు. పశ్చాత్తాపపడేదాకా ఆయన ఎదుట బలి అర్పించలేనని తెగేసి చెప్పాడు. ఆ చక్రవర్తి రాజచిహ్నాలు తీసేసి, సామాన్యుడిలా సంఘం మధ్య కన్నీళ్లతో నిలబడ్డాడు. నాతాను మాటకు సింహాసనం మీదే కూలిపోయిన దావీదు (2 సమూయేలు 12) మళ్లీ కనిపించినట్టయింది. ధనికుడైన సంఘపెద్ద తప్పు చేస్తే చూడనట్టు పోయే కాపరులకు అంబ్రోజు నేటికీ ఒక ప్రశ్నే!

కాలక్రమంలో ఐర్లండు సన్యాసుల ద్వారా గురువు చెవిలో ఒంటరిగా చెప్పుకునే పద్ధతి యూరపు అంతటా వ్యాపించింది. 1215లో జరిగిన నాలుగో లాటరన్ మహాసభ ప్రతి విశ్వాసీ ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేయాలని నియమించింది. విన్నదాన్ని బయటపెట్టిన గురువును పదవి నుంచి తొలగించి, జీవితాంతం మఠంలో ఉంచి ప్రాయశ్చిత్తం చేయించాలని కూడా శాసించింది. 1551లో ట్రెంటు మహాసభ ఈ సంస్కారంలో విశ్వాసి చేయవలసినవి మూడని వివరించింది. హృదయంలో పశ్చాత్తాపం, నోటితో సంకీర్తనం, చేతలతో ప్రాయశ్చిత్తం. హృదయం, నోరు, చేయి. ఈ మూడింటిలో ఏది తప్పినా ఒప్పుకోలు కుంటిదే.

చెవి నుంచి సంఘానికి

1517లో మార్టిన్ లూథరు 95 సిద్ధాంతాలు ప్రకటించినప్పుడు మొట్టమొదటిది పశ్చాత్తాపం గురించే. విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగానే సాగాలన్నది దాని సారాంశం. ఆయన ఖండించింది పాపపరిహార పత్రాల అమ్మకాన్ని. ఆంతరంగిక ఒప్పుకోలును మాత్రం ఆయన వదల్లేదు. బలవంతం లేని ఓదార్పుగా దాన్ని నిలుపుకున్నాడు. 1842లో లూథరన్ మిషనరీ హెయర్ గుంటూరులో అడుగుపెట్టినప్పటి నుంచి తెలుగు నేలమీద ఉన్న లూథరన్ ఆరాధనలోనూ, 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం ఆరాధనలోనూ సంస్కారానికి ముందు సభ్యులంతా కలిసి చేసే ఒప్పుకోలు ఉంది. గొప్ప వరమే అది. కానీ పుస్తకం చూసి అందరితో కలిసి చదివేటప్పుడు ‘మేము’ అనడం తేలిక. ‘నేను’ అనడమే కష్టం!

అదే కాలంలో, విశ్వసించినవారికే బాప్తిస్మం అని పట్టుబట్టిన అనబాప్టిస్టులు మరో దారి పట్టారు. సహోదరుడు తప్పు చేస్తే మొదట ఒంటరిగా, తర్వాత ఇద్దరు ముగ్గురితో, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పమని యేసు నేర్పిన క్రమాన్నే (మత్తయి 18:15–17) వారు అక్షరాలా పట్టుకున్నారు. 1527లో వారు రాసుకున్న ష్లైట్‌హైమ్ ఒప్పందం ఈ దిద్దుబాటు అంతా రొట్టె విరవక ముందే జరగాలని చెప్పింది. అంతా ఒకే మనసుతో ఒకే రొట్టె తినాలన్నది వారి ఆరాటం. కతోలిక గురుత్వాన్ని 1536లో విడిచిన మెన్నో సైమన్స్ పేరుమీద వారిలో చాలామంది మెన్నోనైట్లయ్యారు.

పాలమూరు దాకా వచ్చిన ప్రశ్న

ఈ యూరపు చరిత్రతో మనకేం పని అనుకోవద్దు. అది నల్లమల అంచు దాకా వచ్చింది. రష్యా సామ్రాజ్యంలోని మోలోచ్నా ప్రాంతంలో (ఇప్పుడది ఉక్రెయిన్‌లో ఉంది) స్థిరపడిన మెన్నోనైట్లలో కొందరిని 1859లో ఒక ప్రశ్న కలవరపెట్టింది. తాగుబోతుతనం, మోసం బాహాటంగా సాగుతున్నా, ఎవరూ పశ్చాత్తాపపడకుండానే అందరూ బల్లలో చేయి వేయడం ఏమిటన్నదే ఆ ప్రశ్న. వారు ఇంట్లోనే విడిగా ప్రభురాత్రి భోజనం ఆచరించారు. పెద్దలు మండిపడ్డారు. 1860 జనవరి 6న 18 కుటుంబాల పెద్దలు సంతకాలు చేసి వేరుపడ్డారు. అలా పుట్టినదే మెన్నోనైట్ బ్రదరెన్ సంఘం.

ఆ సంఘం నుంచి అబ్రహాము ఫ్రీసెన్, మరియ దంపతులు 1889లో నిజాం రాజ్యానికి వచ్చి నల్గొండలో సేవ మొదలుపెట్టారు. 1899లో అమెరికా నుంచి నికోలస్ హీబర్ట్ వచ్చాడు. 20వ శతాబ్ది తొలి దశాబ్దంలో డేనియల్ బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూలులో మిషను కేంద్రం నెలకొల్పాడు. ఆ తర్వాత వనపర్తి, గద్వాల, మహబూబ్‌నగర్ దాకా ఈ సంఘాలు విస్తరించాయి. నేటి పాలమూరు జిల్లాల్లో ఎం.బి. చర్చి అంటే తెలియనివారు అరుదు.

అంటే ఇక్కడి వేలాది కుటుంబాల విశ్వాసానికి వేరు ఎక్కడుంది? పశ్చాత్తాపం లేని చేయి బల్లమీదికి రావచ్చా అన్న ఒక్క ప్రశ్నలో ఉంది. బాప్తిస్మానికి ముందు సంఘం ఎదుట సాక్ష్యం చెప్పడం, పాత జీవితాన్ని విడిచానని నోటితో ఒప్పుకోవడం ఆ ప్రశ్న నుంచే వచ్చాయి. తాతలు ఆ ప్రశ్న కోసం సొంతవారినే విడిచి వచ్చారు. మనవలు ఆ ప్రశ్నే మరచిపోతే వారసత్వంలో మిగిలేది బోర్డు మీది పేరు మాత్రమే.

తాడు ఎవరి చేతికివ్వాలి?

మరి ఒప్పుకోలు ఎవరితో? దేవునితో చెప్పుకుంటే చాలదా అని చాలామంది అడుగుతారు. క్షమించేవాడు దేవుడే, సందేహం లేదు (1 యోహాను 1:9). కానీ ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకుని, ఒకరికోసం ఒకరు ప్రార్థించుకోమన్నది కూడా లేఖనమే (యాకోబు 5:16). దేవునితో మాత్రమే చెప్పుకునేవాడు ఒక్కోసారి తనతో తానే మాట్లాడుకుని తానే క్షమించుకుంటాడు. ఎదుట ఒక మనిషి కూర్చున్నప్పుడే ‘కోపం వచ్చింది’ అన్న మాట ‘నా భార్యను కొట్టాను’ అన్న నిజంగా బయటపడుతుంది.

నల్లమల చెంచులు కొండచరియల్లో తేనె తీసేటప్పుడు తాడు కట్టుకుని లోయలోకి దిగుతారు. పైన ఆ తాడు పట్టుకునేది బావమరిది. తోడబుట్టిన అక్కో చెల్లెలో విధవ కావడం అతను సహించడు కాబట్టి ఆ తాడు వదలడని ఈ ప్రాంతంలో చెబుతారు. ఒప్పుకోలు వినేవాడు అలాంటివాడై ఉండాలి. పడిపోతే తనకూ నష్టమేనని తలచేవాడే తాడు పట్టుకోవడానికి అర్హుడు. కతోలిక ధర్మశాస్త్రం 983వ నియమంలో పాపసంకీర్తన రహస్యాన్ని ఉల్లంఘించరానిదిగా ప్రకటించింది అందుకే. విశ్వాసి కన్నీళ్లతో చెప్పుకున్నదాన్ని పేరు మార్చి వచ్చే ఆదివారం ప్రసంగంలో ఉదాహరణగా వాడుకునే కాపరి తాడు వదిలినవాడే!

అదే నల్లమలలో 1940 ప్రాంతంలో చెంచుల మధ్య ఉండి వారి జీవితాన్ని గ్రంథస్థం చేసిన హైమెన్‌డార్ఫ్ ఒక సంగతి గమనించాడు. కలహం వస్తే ఒక కుటుంబం ఆ పెంట విడిచి మరో పెంటకు వెళ్లిపోతుంది. అడవి విశాలం, అక్కడ అది చెల్లింది. మన సంఘాల్లోనూ అదే జరుగుతోంది. మాట పడితే క్షమాపణ అడగడం మాని పక్కవీధి చర్చికి మారిపోతాం. పెంట మారితే పగ చల్లారవచ్చు గాని, పాపం మూటలోనే ఉండి మనతోపాటే వస్తుంది.

దండుగ కాదు, దిద్దుబాటు

ప్రాయశ్చిత్తం అనగానే పల్లెల్లో కులపెద్దలు వేసే దండుగ గుర్తొస్తుంది. కట్టేస్తే పని అయిపోయిందనుకుంటాం. కానీ క్రీస్తు సిలువ మీద చెల్లించిన తర్వాత దేవునికి మనం కట్టే దండుగ ఏమీ లేదు. ప్రాయశ్చిత్తం మనం గాయపరచిన మనిషి కోసం. మోషే ధర్మశాస్త్రం ఈ విషయంలో ఎంతో కచ్చితంగా ఉంది. తప్పు ఒప్పుకోవాలి, తీసుకున్నది పూర్తిగా తిరిగివ్వాలి, దానిమీద అయిదో వంతు కలపాలి (సంఖ్యాకాండము 5:6–7). అంటే పదివేలు ఎగ్గొట్టినవాడు పన్నెండు వేలు తీసుకుని ఆ ఇంటి గడప తొక్కాలి. సుంకరి జక్కయ్య ఇంకా ముందుకు వెళ్లాడు. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు (లూకా 19:8). యేసు అడగకముందే ఇదంతా ఆయన నోట వచ్చింది. రక్షణ ఆ ఇంటికి వచ్చిందనడానికి అదే గుర్తు!

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఒప్పుకోలు నేరాన్ని కప్పే దుప్పటి కాకూడదు. 2018లో కేరళలో పాపసంకీర్తనాన్ని అడ్డుపెట్టుకుని గురువులు ఒక స్త్రీని వేధించారన్న ఆరోపణలు దేశాన్ని కుదిపేశాయి. జాతీయ మహిళా కమిషన్ ఆ పద్ధతినే ఎత్తివేయాలని సిఫారసు చేయగా, సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. పద్ధతి పవిత్రమైనదైతే దాన్ని పాడుచేసినవారి పాపం రెట్టింపవుతుంది. పసిపిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. అలాంటి నేరాన్ని పెద్దల మధ్య ప్రార్థనతో, కన్నీళ్లతో సర్దేసి బల్ల దగ్గరకు తీసుకురావడం క్షమాపణ కాదు. అది బాధితురాలి నోరు నొక్కడమే. నిజంగా పశ్చాత్తాపపడినవాడు శిక్ష నుంచి పారిపోడు.

బలిపీఠం దగ్గరే వదిలిపెట్టి...

అర్పణ తెచ్చాక సహోదరుడికి నీమీద ఏదైనా విరోధముందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు యేసు (మత్తయి 5:23–24). గమనించండి! ఆయన చెప్పింది నీ మనసులో ఉన్న కోపం గురించి కాదు, నీవల్ల ఎదుటివాడి మనసులో ఉన్న గాయం గురించి. గలిలయలో ఉన్న శ్రోతలకు యెరూషలేము బలిపీఠం అంటే రోజుల తరబడి ప్రయాణం. అంత దూరం వచ్చి, గొర్రెపిల్లను అక్కడే కట్టేసి వెనక్కు వెళ్లి రమ్మంటున్నాడాయన. దేవుడు అర్పణ కోసం వేచి ఉండగలడు. గాయపడిన మనిషి ఇప్పటికే చాలాకాలం వేచి ఉన్నాడు.

ప్రియ చదువరీ! వచ్చే సంస్కారపు ఆదివారానికి ఇంకా రోజులున్నాయి. మాట్లాడని అన్న ఉన్నాడా? తూకంలో మోసపోయిన కూలీ ఉందా? తిరిగివ్వని బాకీ ఉందా? శనివారం సాయంత్రం దాకా ఆగకుండా ఆ గడప తొక్కండి. ‘నాదే తప్పు’ అన్న రెండు మాటలకు వేదాంతం అక్కర్లేదు. ఎదుటివారు వెంటనే క్షమించకపోవచ్చు, తలుపు తీయకపోవచ్చు కూడా. అయినా ఆదివారం రొట్టె అందుకునే చేయి, అంతకుముందే ఒకరి తలుపు తట్టిన చేయి అయి ఉంటుంది.